కారే కప్పు కింద పెట్టిన సంతకం

ఇంటి కప్పు బాగుచేయించే ఒప్పందం కాగితం మీద మా పిన్ని సంతకం పెడుతుండగా పైనుంచి ఒక చుక్క సరిగ్గా తేదీ రాసిన చోట పడింది. ఆ కాగితం ఇప్పటికీ మా దగ్గరే ఉంది. తేదీలోని అంకెలు నీలంగా అలుక్కుపోయాయి, ఏ రోజో చదవడానికి వీలు లేదు. దాని కింద పిన్ని సంతకం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. గాలివాన వెలిసిన రెండో రోజు ఉదయం అది. కొప్పు పెంకుల వరుస సగం దాకా లేచిపోయింది, నడింట్లో మంచం, బట్టల పెట్టె తడిసి ముద్దయ్యాయి, ఆ రాత్రికి మళ్లీ వాన ఉందని రేడియోలో చెబుతున్నారు. పిన్ని ఒంటరిగా ఉంటుంది. దారులు మూసుకుపోవడం వల్ల మాలో ఎవరమూ ఆమె దగ్గరికి చేరలేకపోయాం.

కప్పు బాగుచేస్తానని వచ్చిన మనిషి మర్యాదస్తుడిలాగే కనిపించాడట. నడుముకు కొలత టేపు, చేతిలో అచ్చు వేయించిన కాగితాల పుస్తకం ఉన్నాయి. పక్క వీధిలో పని చేస్తున్నామనీ, అక్కడ సరుకు కొంత మిగిలిందనీ, ఇవాళే మొదలుపెడితే సగం ధరకు పూర్తి చేస్తామనీ చెప్పాడు. నిచ్చెన వేసుకుని పైకెక్కి, పది నిమిషాల తర్వాత దిగి, ఫోనులో కుళ్లిన వాసాల ఫొటోలు చూపించాడు. మొత్తంలో సగం ముందుగానే తీసుకున్నాడు. మధ్యాహ్నం ఇద్దరు మనుషులు వచ్చి, చెదిరిన పెంకులతోపాటు బాగున్నవి కూడా మరో నాలుగు వరుసలు ఊడదీశారు. చీకటి పడే వేళకు అతను మళ్లీ వచ్చి, లోపల కుళ్లు తాను అనుకున్నదానికంటే ఎక్కువగా ఉందనీ, మిగతా సగం కూడా చేతికిస్తే తప్ప కలప రాదనీ అన్నాడు. ఉదయం మంచం మీద మాత్రమే కనిపించిన ఆకాశం సాయంత్రానికి గదంతా కనిపిస్తోంది. పిన్ని ఇచ్చేసింది. ఆ రాత్రి వాన పడింది. ఆ తర్వాత అతను రాలేదు, ఫోను మోగలేదు.

విషయం తెలిసిన వాళ్లందరూ అడిగింది ఒకే ప్రశ్న: ఎందుకు నమ్మావు? నేనూ అదే అడిగాను. పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాణ్ని నమ్మానని నీకెవరు చెప్పారమ్మా? నాకు చుక్క ఆగాలి, అంతే" అంది.

ఆ జవాబు విన్నప్పటి నుంచీ ఈ మోసాల గురించి మనం ఒకరికొకరం చెప్పుకునే జాగ్రత్తల మీద నాకు అసంతృప్తి మొదలైంది. అపరిచితులను నమ్మవద్దు, చౌక ధరకు ఆశపడవద్దు, నాలుగు చోట్ల కొటేషన్లు తీసుకోండి, ఒప్పందాన్ని పూర్తిగా చదవండి అని చెబుతాం. వీటిలో తప్పేమీ లేదు. కాని ఇవన్నీ ఇంట్లో నీళ్లు కారని మనిషికి చెప్పే మాటలు. నాలుగు కొటేషన్లు తెప్పించుకోవడానికి నాలుగు రోజులు పడుతుంది. నెత్తిన చుక్క పడుతున్న మనిషికి అన్ని రోజులు ఎక్కడి నుంచి వస్తాయి? మోసగాడి పెట్టుబడి అతని అబద్ధం కాదనీ, మన ఇంట్లో కారుతున్న నీరేననీ నేను అనుకుంటున్నాను. అందువల్ల మనుషులను అనుమానించడం నేర్పేకంటే ముందు, నీటిని తాత్కాలికంగా ఆపడమెలాగో నేర్పాలి. కప్పు బాగుచేయించడం, కారే నీటిని ఆపడం రెండూ వేర్వేరు పనులు. ఆ రెండింటినీ ఒకటిగా చూపించగలిగినంత కాలమే ఆ మనిషికి మన గుమ్మంలో బలం ఉంటుంది.

రెండు పనులు, రెండు గడువులు

ఏది నిజంగా తొందరో, ఏది కాదో విడదీసి చూడాలి. తడిసిన పరుపులు, చెక్క, సీలింగు పలకలు 24 నుంచి 48 గంటల్లోగా ఆరకపోతే బూజు పట్టడం మొదలవుతుంది. అది నిజమైన తొందర. కరెంటు తీగలున్న గోడలోకి నీరు దిగుతుంటే ఆ భాగానికి విద్యుత్తు ఆపించడం అంతకంటే తొందర. అయితే కొత్త పెంకులు వేయడం, వాసాలు మార్చడం, స్లాబు మీద నీరు దిగకుండా పూత వేయడం, గోడకు పూత పని చేసి రంగు వేయడం, వీటిలో ఏ ఒక్కటీ రెండు రోజుల్లో జరగాల్సిన పని కాదు. చెప్పాలంటే వీటిలో కొన్ని రెండు రోజుల్లో జరగకూడని పనులు. చెమ్మ ఆరని గోడకు రంగు వేస్తే బొబ్బలు కట్టి పెచ్చులుగా రాలిపోతుంది. తడి స్లాబు మీద వేసిన పూత కింద ఆవిరి చిక్కుకుని పొంగుతుంది. ఇవాళే పూర్తి చేస్తాననే మనిషి మోసగాడు కాకపోయినా, అతను చేసే పని మాత్రం నిలవదు.

ఇంకో సంగతి కూడా ఉంది. నీరు లోపలికి దిగిన చోటు, చుక్క పడే చోటు ఒకటే కానక్కర్లేదు. పెంకుల కింద చేరిన నీరు వాసం వెంబడి జారి, ఎక్కడో అతుకు దగ్గర ఆగి, అక్కడి నుంచి కిందికి పడుతుంది. మంచం మీద చుక్క పడుతోంది కాబట్టి మంచానికి సరిగ్గా పైన ఉన్నదంతా మార్చాలని ఎవరైనా అంటే, పైన అతను నీరు వచ్చిన దారిని వెతకలేదన్నమాట. ఆ దారి కనిపెట్టడానికి కూడా ఒక ఎండపూటో, మరో వానో కావాలి.

కాబట్టి మొదటి రెండు రోజులకూ మనకు కావలసింది కప్పు కాదు, దాని మీద కప్పే పట్టా, అంటే టార్పాలిన్. అదీ సరిగ్గా కట్టినది కావాలి. దెబ్బతిన్న చోటును మాత్రమే మూసి నాలుగు రాళ్లు బరువుగా పెడితే రెండో గాలికే లేచిపోతుంది. టార్పాలిన్ కొప్పు దాటి అవతలి వాలు మీదికి కూడా పోవాలి, అప్పుడే పైనుంచి జారే నీరు దాని కిందికి చేరదు. అంచులను చెక్క బద్దలకు చుట్టి బిగించాలి, లేదా చూరు కింద నుంచి తాళ్లతో లాగి కట్టాలి. తడిసిన వాలు కప్పు ఎక్కడం ప్రాణం మీదికి తెచ్చే పని కనుక అలవాటు లేనివాళ్లు ఎవరూ ఎక్కకూడదు. ఎక్కేవాళ్లు దొరికేదాకా లోపలే, చుక్క పడే చోట పట్టాను వాలుగా కట్టి నీటిని బక్కెట్లోకి మళ్లించుకోవచ్చు. ఇది చూడటానికి అందంగా ఉండదు. కాని అలా బక్కెట్లో పడే నీటికి మనిషి చేత సంతకం పెట్టించే శక్తి ఉండదు.

ఇది నా ఒక్కదాని ఊహ కాదు. అమెరికాలో పెద్ద తుపానుల తర్వాత ఆ దేశపు సైనిక ఇంజినీరింగ్ విభాగం దెబ్బతిన్న ఇళ్ల కప్పుల మీద ఉచితంగా నీలి పట్టాలు వేయిస్తుంది. ఆ కార్యక్రమాన్ని 'ఆపరేషన్ బ్లూ రూఫ్' అంటారు. దాని ఉద్దేశం ఇల్లు మరింత పాడవకుండా చూడటం, జనం తమ ఇళ్లలోనే ఉండగలిగేలా చేయడం. మోసాల నివారణ పథకంగా దాన్ని ఎవరూ చెప్పరు. నాకు మాత్రం అది అన్నింటికంటే గట్టి నివారణగా కనిపిస్తుంది. 2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చాక, సెప్టెంబరులోనే అక్కడి న్యాయశాఖ ఆ తుపాను మోసాల కోసం ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేయవలసి వచ్చింది. విచారణ, శిక్ష అవసరమే. కాని అవి మొదలయ్యేది డబ్బు పోయాకే.

పట్టా పేరుతోనూ మోసం ఉంది

ఇక్కడ నా వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయలేను. పట్టా వేయడాన్నే ఎర చేసేవాళ్లూ ఉన్నారు. ముందు నీరు ఆపుతాం, మిగతా సంగతి తర్వాత చూద్దాం అని వచ్చి, పట్టా వేసే ముందు ఒక కాగితం చాపుతారు. దాని మీద పెద్ద అక్షరాల్లో అత్యవసర పని అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో మొత్తం మరమ్మతు హక్కు వాళ్లదేనని ఉంటుంది. బీమా ఉన్న ఇల్లయితే, బీమా సంస్థ నుంచి రావలసిన సొమ్ము మీది హక్కును కూడా వాళ్లకు రాసిచ్చినట్లు ఉంటుంది. ఫ్లోరిడా రాష్ట్రంలో ఈ హక్కు బదలాయింపు ఎంత దుర్వినియోగమైందంటే, 2022 డిసెంబరులో చేసిన చట్టంతో, 2023 జనవరి 1 నుంచి జారీ అయ్యే ఆస్తి బీమా పాలసీల కింద అలాంటి బదలాయింపు చెల్లకుండా చేశారు.

దీనికి నా దగ్గరున్న జవాబు చిన్నదే: పట్టా వేసే పనికి వేరే కాగితం, వేరే డబ్బు, వేరే రసీదు ఉండాలి, ఆ పనితో ఆ లెక్క ముగిసిపోవాలి. పట్టా వేసినవాడే తర్వాత కప్పు కూడా వేయవచ్చు, అందులో దోషం లేదు. కాని ఆ రెండో మాట పట్టా కింద పొడిగా కూర్చున్నాక జరగాలి.

బీమా ఉన్నవాళ్లకు ఒక భయం ఉంటుంది. నష్టం అంచనా వేసే బీమా సర్వేయరు వచ్చేలోగా ఏది ముట్టుకున్నా క్లెయిము పోతుందని కొందరు నీరు కారుతుంటే చూస్తూ కూర్చుంటారు, మరికొందరు ఆ భయంతోనే అన్నీ మేమే చూసుకుంటామన్నవాడి చేతికి మొత్తం అప్పగిస్తారు. సాధారణంగా పాలసీలే నష్టం మరింత పెరగకుండా యజమాని తగిన జాగ్రత్త తీసుకోవాలని చెబుతాయి. ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, పట్టాకూ తాళ్లకూ కూలికీ అయిన ఖర్చు రసీదులు దాచుకుని, ఊడిన ముక్కలను పారేయకుండా ఒక మూల పెట్టి, నీరు ఆపుకోవచ్చు. సర్వేయరు చూసేదాకా చేయకూడనిది శాశ్వతమైన మరమ్మతు. ఇక్కడ కూడా అదే గీత కనిపిస్తుంది.

చట్టంలోని ఒక సందు

ఇంటికొచ్చి అమ్మేవాళ్ల ఒత్తిడికి లొంగి చేసుకున్న ఒప్పందాలను రద్దు చేసుకునే హక్కు కొన్ని దేశాల్లో ఉంది. అమెరికాలో 1974 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం అలాంటి ఒప్పందాన్ని మూడు పని దినాల్లో రద్దు చేసుకోవచ్చు. ఆ నిబంధనను నేను చాలా ఆశతో చదివాను. మినహాయింపుల దగ్గరికి వచ్చేసరికి మనసు చివుక్కుమంది. కొనుగోలుదారు తానే పిలిపించుకుని, ఇది నా అత్యవసరం, రద్దు హక్కును వదులుకుంటున్నాను అని తన చేతిరాతతో రాసి సంతకం పెడితే ఆ హక్కు వర్తించదు. అలాంటి మినహాయింపు ఉండటం అన్యాయమని అనలేను, నిజంగా అత్యవసరమైన పనికి వచ్చినవాడు మూడు రోజులు చేతులు కట్టుకుని కూర్చోలేడు కదా. కాని ఇంట్లో నీరు కారుతున్న మనిషికి కాగితం, కలం ఇచ్చి ఇలా రాయండి అని చెబితే ఎంతమంది రాయకుండా ఉంటారు? రక్షణ అవసరమైన చోటే దాన్ని వదులుకునే దారి కూడా ఉంది.

టెక్సాస్ చట్టం నాకు ఇంతకంటే నచ్చింది. విపత్తు తర్వాత, ఆ ప్రాంతంలో కనీసం ఏడాదిగా కార్యాలయం లేని మరమ్మతుదారు పని మొదలుపెట్టకముందు పూర్తి డబ్బు గాని, కొంత డబ్బు గాని అడగకూడదు. పని మొదలయ్యాక కూడా జరిగిన పనికి తగినంత మాత్రమే అడగాలి. కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతుల ఒప్పందానికి ముందస్తు సొమ్ము మొత్తంలో 10 శాతాన్ని గాని, 1000 డాలర్లను గాని, ఏది తక్కువైతే దాన్ని, మించకూడదు. ఈ చట్టాలు ఎవరు మంచివాడో కనిపెట్టమని ఇంటివాళ్లకు చెప్పడం లేదు. డబ్బును పనికంటే ముందు నడవనివ్వడం లేదు. మా పిన్ని ఇచ్చిన మొదటి సగం అక్కడే ఆగిపోయి ఉండేది.

బీమాలో యజమాని తన వంతుగా భరించవలసిన మొత్తాన్ని మేమే సర్దుబాటు చేస్తామని చెప్పడం కూడా టెక్సాస్‌లో 2019 నాటి చట్టం ప్రకారం నేరం. వినడానికి అది ఉపకారంలా ఉంటుంది. ఆ మొత్తాన్ని ఎవరూ జేబులో నుంచి పెట్టరు. బిల్లును పెంచి చూపించి రాబడతారు, ఆ తప్పుడు బిల్లు కింద సంతకం ఇంటి యజమానిదే అవుతుంది.

పరాయివాడు అనే మాట గురించి

బయటి నుంచి వచ్చినవాళ్లను గడప దాటనివ్వకండి అనే సలహాతో నాకు పేచీ ఉంది. పెద్ద గాలివాన తర్వాత స్థానికంగా ఉన్న మేస్త్రీలు, వడ్రంగులు చాలరు. వాళ్ల సొంత ఇళ్ల కప్పులే లేచిపోయి ఉంటాయి. దూరం నుంచి పనివాళ్లు రాకపోతే వేల ఇళ్లు నెలల తరబడి పట్టాల కిందే ఉండిపోతాయి. అలా వచ్చేవాళ్లలో అత్యధికులు తమ చేతి పనిని నమ్ముకుని వచ్చినవాళ్లు. వాళ్లను చూడగానే దొంగలన్నట్లు ప్రవర్తించడం అన్యాయం. అలాగే, సరుకు దొరకనప్పుడు ధర పెరగడమంతా మోసం కాదు. తెలిసినవాడనే ధైర్యంతో ముందే మొత్తం ఇచ్చి మునిగినవాళ్లూ ఉన్నారు. పక్కింటివాళ్లు చేయించుకుంటున్నారు కదా అన్న భరోసా కూడా పనికిరాదు, ఎందుకంటే పక్కింటివాళ్లు సంతకం పెట్టింది నిన్ననే, వాళ్లకు తమ సంగతి ఇంకా తెలియదు. ప్రభుత్వం పంపిందని చెప్పుకునేవాళ్ల విషయంలో మాత్రం గట్టిగా ఉండవచ్చు. ఉదాహరణకు అమెరికా విపత్తు సంస్థ ఫెమా తన పరిశీలకులు రుసుము తీసుకోరనీ, తాను ఏ మరమ్మతుదారునూ సిఫారసు చేయదనీ పదే పదే చెబుతుంది.

ఎక్కడి నుంచి వచ్చాడనే దానికంటే ఏం అడుగుతున్నాడనేది నాకు ముఖ్యం. ఖాళీలున్న కాగితం మీద సంతకం అడుగుతున్నాడా? ఇవాళ కాకపోతే ఈ ధర లేదంటున్నాడా? పాత కప్పును ఊడదీశాక కొత్త లెక్క చెబుతున్నాడా? పైన తీసిన ఫొటోలు ఏ కప్పువి? ఈ చివరి ప్రశ్న పిన్నికి తట్టలేదు, అక్కడ ఉండి ఉంటే నాకూ తట్టేది కాదేమో. గేటు దగ్గర మొదలుపెట్టి నిచ్చెన మీదుగా పైదాకా ఆపకుండా వీడియో తీయమని అడగవచ్చని, అలా అడిగితే నిజమైన పనివాడికి కోపం రాదని ఆ తర్వాత మాకు ఒక మేస్త్రి చెప్పాడు.

ఆ మేస్త్రి కూడా బయటివాడే. ఆయన పైకెక్కి, ఊడదీసి పడేసిన పెంకుల్లోంచి రెండు ముక్కలు తెచ్చి పిన్ని ముందు పెట్టాడు. ఒకదాని విరుగు అంచు నల్లబడి, పాచి పట్టి ఉంది. రెండోదాని అంచు ఎర్రగా, అప్పుడే కాల్చి తీసిన ఇటుకలా ఉంది. "ఈ నల్లది ఎప్పుడో పగిలిందమ్మా, గాలివానకు కాదు. ఈ ఎర్రది మొన్న పగిలింది. ఇది కప్పు నడిమధ్యన ఉండాల్సిన పెంకు. గాలి ముందు కొప్పునూ అంచులనూ మూలలనూ పట్టుకుంటుంది, నడుమ ఉన్నదాన్ని వదిలేస్తుంది. ఇది పారతో లేపినప్పుడు విరిగింది" అన్నాడు. వాసాలను గోటితో గీకి, మేకుతో పొడిచి చూశాడు. మేకు దిగలేదు. కుళ్లు లేదు.

అప్పుడైనా పిన్ని ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఆ రెండు ముక్కలనూ చేతుల్లోకి తీసుకుని మార్చి మార్చి చూసింది. "పని ఎప్పుడు మొదలుపెడతావు నాయనా?" అని అడిగింది. పట్టా వేసే కూలి మాత్రం ఇవాళ ఇవ్వమన్నాడు. పెంకులు ఇప్పుడు వేయననీ, కలప, గోడ ఆరాలనీ, మూడు వారాలు ఆగమనీ, ఈలోగా ఇంకెవరినైనా పిలిచి చూపించుకోమనీ చెప్పాడు. పని పోగొట్టుకోవడానికైనా సిద్ధపడి ఆగమన్న మనిషిని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

నాకు మిగిలిన సందేహం

పట్టా కొనుక్కోవడానికీ, కట్టించుకోవడానికీ కూడా డబ్బో, మనుషులో కావాలి. గాలివాన తర్వాతి రోజు పట్టాల ధర కూడా పెరుగుతుంది, కొన్నిచోట్ల దొరకనే దొరకవు. ముందే కొని ఇంట్లో పెట్టుకోమని చెప్పడం తేలిక, కూడబెట్టుకున్నదేదీ లేనివాళ్లకు అది వినిపించదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు పట్టా ఉన్నా ఎక్కి కట్టలేరు. అందుకే ఇది ఒక్కొక్క ఇంటివాళ్ల మీద వదిలేసే జాగ్రత్తగా కాక, వీధిలో పది ఇళ్లవాళ్లు కలిసి ముందే చేసుకునే ఏర్పాటుగా ఉండాలని నా అభిప్రాయం. తాళ్లు, చెక్క బద్దలు, రెండు పెద్ద పట్టాలు, అలవాటుగా కప్పులెక్కే ఒక మనిషి, ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉంటారో తెలిసిన మరొకరు ఉంటే చాలు. ఆ రెండో మనిషి పైకెక్కనక్కర్లేదు. పిన్ని కాగితం అందుకున్నప్పుడు పక్కన కూర్చుని, ఒకసారి పైకి చదవండి వింటాం అని అడిగి ఉంటే చాలు, ఆ సంతకం పడేది కాదు. మోసపోయినవాళ్లు సిగ్గుపడి దాచిపెట్టడానికి కారణం కూడా మనమే. ఎందుకు నమ్మావని మనం అడిగే ప్రశ్నకు భయపడి వాళ్లు ఫిర్యాదుకు వెళ్లరు. ఆలోగా ఆ మనిషి అదే పుస్తకంలోని తర్వాతి కాగితాన్ని ఇంకో గుమ్మంలో చాపుతాడు.

పిన్ని ఫిర్యాదు ఇచ్చింది. డబ్బు తిరిగి రాలేదు. తేదీ అలుక్కుపోయిన ఆ కాగితం ప్రతిని ఫిర్యాదు రాసుకున్నవాళ్లు తీసుకుని, అసలును జాగ్రత్తగా ఉంచుకోమన్నారు.

మేస్త్రి చెప్పినట్టే మూడో వారం చివర వచ్చాడు. నడింటి గోడకు అరచేయి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. పట్టా ఒక అంచు ఎత్తి వాసాన్ని తడిమి చూశాడు. మబ్బు పట్టి ఉంది, నాకు లోపల ఆత్రంగానే ఉంది, ఇక మొదలుపెట్టమని అడగబోయాను. "ఇంకో వారం ఆగుదామమ్మా" అన్నాడాయన. పిన్ని నాకంటే ముందే సరేనంది. ఆ వారం కూడా ఆగాం.